కుడిపక్క మూడు మచ్చలు

వనీటా స్ట్రౌడ్‌కి మూత కనిపిస్తే ఎత్తి చూడందే తోచదు. తూర్పు టెక్సాస్‌లో ఇంటింటికీ తిరిగి, నేలలో మూత ఉన్న పెట్టెల్లో అమర్చిన నీటి మీటర్లు చదివే ఉద్యోగం ఆమెకే దొరికింది. ఇరవై రెండేళ్ళుగా రోజుకు రెండు వందల మూతలు ఎత్తడం, పైగా దానికి జీతం. మీటరు అంకె రాసుకునేది అరనిమిషం, కింద ఏముందో చూసేది రెండు నిమిషాలు. బాప్టిస్టు చర్చి ముందున్న పెట్టెలో ఏడేళ్ళుగా ఒక కప్ప కాపురముంటోంది. అదే కప్పని ఎలా తెలుసని ఎవరైనా అడిగితే, ఎడమ కంటి మీది బొడిపెల లెక్క చెప్పి నోరు మూయించేది. పాస్టరు గారు కూడా ఆ కప్ప విషయంలో ఆమెతో వాదించడం మానుకున్నారు.

అలాంటి మనిషికి ఒక చేప తగులుకుంది. నాలుగేళ్ళ కిందట మార్చి నెలలో పక్కింటి హోయిట్ బ్రాజెల్ తన మోటారు పడవలో ఆమెను పిన్‌హుక్ సరస్సుకి తీసుకెళ్ళాడు. పైపులు వెల్డింగు చేసి రిటైరైన మనిషి, పెద్ద ఇంజనూ పెద్ద గొంతూ ఉన్నవాడు. ఆ రోజు వనీటా గాలానికి తొమ్మిది పౌన్ల పెద్దనోటి బాస్ చేప పడింది. కింది పెదవి పట్టుకుని ఎత్తితే హోయిట్ ఫొటో తీశాడు. ఫొటోలో చేప కుడిపక్క కనిపిస్తుంది. మొప్ప వెనక సిరా ఒలికినట్టు మూడు నల్లమచ్చలు, మధ్యది కాస్త కిందికి జారి ఉంటుంది. వదిలేయగానే అది మునిగిన చెట్ల మోళ్ళ మధ్యకి పోయింది.

"ఎక్కడికి పోతుందంటావు?" అంది వనీటా.

"చేప కదా, నీళ్ళలోకి పోతుంది."

"దాని ఇల్లెక్కడా అని అడుగుతున్నా."

"చేపకి ఇల్లూ వాకిలీ ఏంటే తల్లీ. ఇవాళ ఇక్కడ, రేపు ఆనకట్ట దగ్గర. మళ్ళీ అదే చేప నీకు కనిపిస్తే నా పడవకి నీ పేరు పెట్టుకుంటా."

పడవకి పేరు సంగతి వనీటాకి పట్టలేదు. చేప సంగతే పట్టింది. లైబ్రరీలో చేపల శాఖ కుర్రాడు ఉపన్యాసం ఇస్తుంటే చెయ్యెత్తి అడిగింది. కొన్ని ఆడ చేపలు ప్రతి వసంతంలో గుడ్లు పెట్టడానికి అదే మడుగుకి వస్తాయని, అన్నీ రావని, పదీ పన్నెండేళ్ళకి మించి బతకడం అరుదని అతను చెప్పాడు. కొన్నిట్లో తన చేప ఉందా లేదా? ఆ ఒక్క ప్రశ్న ఆమెను కుదురుగా కూర్చోనివ్వలేదు. మోళ్ళ మధ్యకి మోటారు పడవ దూరదు. అందుకని యాభై ఏడేళ్ళ వయసులో ఒక్కరే కూర్చుని తెడ్డు వేసుకునే కయాక్ పడవ ఒకటి కొనుక్కుంది. హోయిట్ దాన్ని స్నానాల తొట్టి అన్నాడు.

కయాక్‌ల వాళ్ళకో క్లబ్బు ఉంది, క్లబ్బుకో పోటీ ఉంది. ఆ పోటీలో చేపను ఒడ్డుకి మోసుకొచ్చి తూచరు. ఒళ్ళో కొలత పలక పెట్టుకుని, దానిమీద చేపను పడుకోబెట్టి, ఫోన్లో ఫొటో తీసి అక్కడే వదిలేస్తారు. తల ఎడమవైపు ఉండాలి, నోరు మూసుకుని ఉండాలి, ఆ రోజు గుర్తింపు చీటీ ఫొటోలో పడాలి. మొదటి ఏడాది కంగారులో తల కుడివైపు పెట్టి ఫొటో పంపితే కొట్టేశారు. అప్పట్నుంచి వనీటా ఇంట్లో వంటింటి బల్ల మీద మొక్కజొన్న కంకిని పడుకోబెట్టి సాధన చేసింది. తల ఎడమ, నోరు మూత, చీటీ, ఫొటో. ఇప్పుడు చేతులు వాటంతటవే చేసుకుపోతాయి.

మూడు వసంతాలు చేపను వదిలిన ఆ మోళ్ళ మడుగులోనే గడిచాయి. చిన్నవి పడ్డాయి, మచ్చల్లేనివి పడ్డాయి. ఈ ఏడు మార్చి రెండో శనివారం, పోటీ రోజు, ఎనిమిది దాటాక మూడో మోడు పక్కన ఎరగా రబ్బరు పురుగుని జారవిడిచింది. దారం పక్కకి నడిచింది. వనీటా గట్టిగా లాగింది. కర్ర వంగి కయాక్ ముక్కు దానంతటదే మోళ్ళ వైపు తిరిగింది.

చేప ఆమెను లాక్కుపోయింది. కాళ్ళు రెండూ కయాక్ అంచులకి తన్ని పెట్టి, మోళ్ళ సందుల్లోకి పోనివ్వకుండా పట్టుకుంది. ఒకసారి అది పైకి లేచి తలాడించింది, ఎదురెండలో నోరు తప్ప ఏమీ కనిపించలేదు. మూడు నిమిషాలకి చేతివలలోకి వచ్చింది. వలతో సహా ఒళ్ళోకి లాక్కుంటే మోకాళ్ళ మీద బరువుకి కయాక్ ఒరిగింది. భయమేసింది, సంతోషమూ వేసింది. ఇంతది ఆమె జన్మలో చూడలేదు.

తల ఎడమ. నోరు మూత. చీటీ. ఫొటో, ఇంకోటి, ఇంకోటి. ఇరవై ఆరుంబావు అంగుళాలు. చేప నీళ్ళు లేకుండా ఎంతసేపు ఉంటుంది పాపం అని గబగబా అంచు మీంచి దించింది. వీపు మాత్రమే కనబడేలా నీళ్ళలో నిలబెట్టి, కింది పెదవి పట్టుకుని మెల్లగా ఆడించింది. అది ఒక్కసారి తోక విదిల్చి ఆమె ముఖం మీద నీళ్ళు చల్లి వెళ్ళిపోయింది.

ముఖం తుడుచుకుని, నవ్వుకుంటూ ఫోను తీసింది. మచ్చల కోసం ఫొటో పెద్దది చేసింది. మొప్ప వెనక శుభ్రంగా ఉంది. కాదన్నమాట అనుకుంది. అప్పుడు తట్టింది. తల ఎడమవైపు పెడితే పైకి కనిపించేది ఎడమపక్క. మూడు ఫొటోలూ ఎడమపక్కవే. మచ్చలుంటే పలకకి అతుక్కుని ఉన్నాయి, ఆమె మోకాళ్ళ మీదే ఉన్నాయి. తిప్పితే ఒక్క క్షణం పని. పలక వంక చూసింది. దాని మీద జిగురూ ఒక పొలుసూ ఉన్నాయి, అంతే.

ఆ మోడు చుట్టూ పదిన్నర దాకా గాలం వేస్తూనే ఉంది. ఏదీ ముట్టలేదు.

ఒడ్డున హోయిట్ కాఫీ ఫ్లాస్కుతో ఎదురు చూస్తున్నాడు. ఫొటో అప్పటికే క్లబ్బు వాళ్ళ ఫోన్లన్నిటికీ చేరింది. "ఫొటో అంటే ఇలా ఉండాలి వనీటా గారూ, కొత్తవాళ్ళకి చూపించడానికి ఉంచుకుంటాం" అని పోటీ లెక్కలు చూసే అమ్మాయి రాసింది. ఆ మాట చదివాక వనీటాకి ఫోను నీళ్ళలో పారేయాలనిపించింది.

"ఏమే, స్నానాల తొట్టిలో ఏనుగుని పట్టావట," అన్నాడు హోయిట్. "ఇంతకీ అదేనా?"

"తెలీదు."

"తెలీకపోవడమేంటి? నాలుగేళ్ళ నుంచీ నా బుర్ర తింటున్నావు కదా."

"ఎడమపక్కే చూశాను."

హోయిట్‌కి అర్థమైంది. నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి చేతికిచ్చాడు.

"అదేలే. ఆ మడుగే, ఆ నెలే, ఆ సైజే. అదేనని చెప్పెయ్, ఎవడు కాదంటాడు? పడవకి నీ పేరు రాయిస్తా. నేను నమ్ముతా."

వనీటా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపం మీద వచ్చిన నీళ్ళు.

"నువ్వు నమ్ముతావులే హోయిట్," అంది. "నాకు తెలియాలి కదా."