నిండు చెయ్యి

దేవరకొండ కోట కింది వీధిలో ధర్మయ్య ఇంకా రాతి మీదే బొమ్మ గీసి అచ్చు తీస్తాడు. పాతకాలపు అచ్చులో క్యాలెండర్ కావాలని సిమెంటు ఫ్యాక్టరీవాళ్లు వెతికితే దొరికింది ఆయన ఒక్కడే. మగ్గం గుంటలో కూర్చుని పెరిగినవాడు కదా, వంచిన నడుము పొద్దుగూకేదాకా ఎత్తడు. అరచెయ్యి తగిలితే ఆ జిడ్డు కూడా అచ్చులోకి దిగుతుందని ఎవరినీ రాతిని ముట్టనివ్వడు. తను మణికట్టును చెక్క మీద ఆనించి గీస్తాడు. రాతి మీది గీత కాగితం మీద కుడి ఎడమగా తిరగబడుతుంది కనుక అక్షరాలను తిరగేసి రాస్తాడు. మనుషులను మాత్రం ఎన్నడూ తిరగేయలేదు. కుడి ఎడమైతే చూసేవాడికేం తెలుస్తుంది?

ఈసారి బొమ్మకు నిలబడ్డది ఆ ఫ్యాక్టరీ పనివాడే, అమరేందర్. బెల్టులో పడి అతని ఎడమచేతి వేళ్లు మూడు పోయాయి. అది కనబడొద్దని ఆఫీసువాళ్లు చెప్పారు. అందుకే ధర్మయ్య ఆ చేతిని వీపు వెనక దాచిపెట్టించి, కుడిచేత పానా ఎత్తించి గీశాడు. ఇవాళ అమరేందర్ చూస్తుండగా ఆయన తొలి కాగితం లేపాడు. అందులో పానా ఎత్తింది ఎడమచెయ్యి, ఐదు వేళ్లతో.

ధర్మయ్య చూపు తిప్పుకుని, రాతి మీది బొమ్మను అరగదీసేందుకు ఇసుక అందుకున్నాడు.

"తప్పైంది బిడ్డా. మల్ల గీస్త."

అమరేందర్ తన రెండు వేళ్ల చేతిని తెచ్చి రాతి మీద ఆనించాడు. "తుడ్వకు కాకా. వేళ్లు పోయినంక పుట్టింది మా పిల్ల. నా నిండు చెయ్యి ఎన్నడు సూడలే."

ఆ చేతిని తియ్యమని ధర్మయ్య అనలేదు.