ఇంకా మందు కానిది

సాయంత్రం పని ముగించి గ్లోవ్స్ విప్పితే వేళ్ళకు చెమటతో కలిసిన రబ్బరు వాసన అంటుకుని ఉంటుంది. సబ్బుతో కడిగినా భోజనం దాకా పోదు. ఆ వాసన తగిలినప్పుడల్లా ఎచ్చెర్లలో పీజీ చదివిన రోజులు, మా సుభద్ర మేడం గుర్తొస్తారు. ఆవిడ మాకు జీవరసాయన శాస్త్రం చెప్పేవారు. పాతపట్నం వైపు మనిషి. పాఠం చెప్పేటప్పుడు పుస్తకాల తెలుగు. కోపమొచ్చినా, ముద్దొచ్చినా సొంత ఊరి తెలుగు.

నేను క్లాసులో నోరు విప్పని పిల్లను. మాట్లాడలేకపోయినవన్నీ గదికి వెళ్ళి డైరీలో రాసుకునేదాన్ని. ప్రాజెక్టు కోసం అందరూ తలో ల్యాబు ఎంచుకుంటుంటే మేడం గది గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. ఆవిడ పనిచేసేది ఆర్‌ఎన్‌ఏ మీద. అది చాలా సున్నితమైనది. వేలి చెమట తగిలినా, మాట్లాడేటప్పుడు ఒక తుంపర పడినా ముక్కలైపోతుంది. అందుకే ఆవిడ బల్ల మీద ట్యూబు మూత తెరిచి ఉన్నంతసేపూ ఎవరూ పెదవి కదపకూడదు. నన్ను చూసి, "నోరు మూసుకుని పని సేసే పిల్ల కోసం ఎన్నాళ్ళనుంచి సూస్తన్నానో! దొరికీసినావు, రా" అన్నారు. నా బిడియం ఒకచోట పనికొస్తుందని అంతకుముందు ఎవరూ అనలేదు.

ఆర్‌ఎన్‌ఏల్లో మరీ పొట్టివి కొన్ని ఉంటాయి. కణంలో ఏ పని సాగాలో, ఏది ఆగాలో అవి అదుపు చేస్తాయి. రేడియేషన్ క్యాన్సర్ కణంలోని డీఎన్‌ఏను తెంపుతుంది. కణం ఊరుకోదు, తెగినచోట మళ్ళీ అతుకు వేసుకుంటుంది. ఒకరోజు మేడం టీ తాగుతూ చెప్పారు: "వల తెగితే ఒడ్డున కూకుని కుట్టుకుంటారు సూడు, అలాగ. మన పొట్టి ఆర్‌ఎన్‌ఏ ఎల్లి ఆ సేతిలో దారం లాగీస్తాది."

"మంచి కణాలకు కూడా ఆ దారం కావాలి కదా మేడం?" అన్నాను మెల్లగా.

"అదే కదే తంటా! దొంగ సేతిలోదే లాగాల, మంచోడి సేతిలోది ఒగ్గీయాల. అది మనకింకా సేతకాలేదు."

ఆ ఏడాదే నెల్లిమర్లలో మా రమణ పిన్నికి గొంతు క్యాన్సర్ బయటపడింది. విశాఖలో రేడియేషన్ మొదలుపెట్టారు. మా వైపు దాన్ని కరెంటు పెట్టడం అంటారు. సగంలోనే మెడ చర్మం కమిలిపోయి, గంజి కూడా మింగుడుపడక, ఇంక వెళ్ళనంటూ పిన్ని మంచం పట్టింది. సరిగ్గా అప్పుడే ఒక పత్రిక మేడం ఫొటో వేసి, క్యాన్సర్‌కు మన వైపే కొత్త మందు దొరికిందని రాసింది. చిన్నాన్న ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నాకు చెప్పకుండానే పిన్నిని వెంటబెట్టుకుని ల్యాబుకు వచ్చేశాడు.

"కరెంటు ఆపీసినాం మేడం గారూ. మీ మందే ఏయించుకుంటాం. ఎప్పుడు రమ్మంటారు?" అన్నాడు.

చికిత్స మధ్యలో ఆగితే ఏమవుతుందో నాకు తెలుసు. కానీ చిన్నాన్నకు చెప్పకుండా మేడం వైపు చూశాను. మేడం పిన్ని భుజం పట్టుకుని మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టారు.

"కనబడతన్నాయా? అయి క్యాన్సర్ కణాలు. మా మందు ఈ గిన్నెలోన పనిసేస్తన్నాది. మనిసి ఒంట్లో పనిసేస్తాదో, సంపీస్తాదో నాకు తెల్దు."

"తెలిసీసరికి ఎన్నాళ్ళవుతాది?" పిన్ని గొంతులో గాలే తప్ప స్వరం లేదు.

"నీకు అందదమ్మా."

చిన్నాన్న ముఖం కందిపోయింది. "మరి పేపర్లో ఫొటో ఎందుకేయించుకున్నారండీ?"

మేడం దబాయించలేదు. "నాను సెప్పింది ఒకటి, ఆ పేపరోలు రాసింది ఒకటి. దిద్దమని అడిగినాను, దిద్దనేదు. నువ్వు తిట్టు బాబూ, పడతాను. ఈ అమ్మని మాత్రం రేపే కరెంటుకి తీసుకెళ్ళు." తర్వాత నా వైపు తిరిగారు. "ఒసే గౌరీ, ఇప్పుడు ఇక్కడ ట్యూబులేవీ తెరిసి లేవు. మాటాడొచ్చు. మీ పిన్నికి నువ్వు సెప్పు."

"సగంలో ఆపితే ఆ క్యాన్సర్ తెగిన వల కుట్టుకున్నట్టు మళ్ళీ అతికీసుకుంటాది పిన్నీ. ఇన్నాళ్ళు నువ్వు పడ్డ మంటంతా ఊరికే పోతాది. నాకు బయమేస్తన్నాది. ఎల్లు పిన్నీ."

"ఓలమ్మ, దీనికి నోరున్నాదేటి!" అని నవ్వబోయి పిన్ని ఏడ్చేసింది. మేడం ఓదార్చలేదు, గడియారమూ చూడలేదు. ఏడుపు ఆగేదాకా పక్క స్టూలు మీద కూర్చునే ఉన్నారు. ఆ తర్వాత విశాఖ డాక్టరుకు ఫోన్ చేసి, మంట తగ్గడానికి ఏమివ్వాలో, తిండి లోపలికి ఎలా పంపాలో అడిగి చిన్నాన్నకు ఒక్కొక్కటే చెప్పారు.

పిన్ని మర్నాడే వెళ్ళింది. చికిత్స పూర్తిచేసింది. గొంతు బొంగురుపోయింది, రుచి పోయింది, మనిషి మిగిలింది. మేడం మిగల్లేదు. మా జిల్లాలో చాలా ఇళ్ళకు తెలిసిన కిడ్నీ జబ్బు కిందటేడు ఆవిడను తీసుకుపోయింది. ఆవిడ పొట్టి ఆర్‌ఎన్‌ఏ అప్పటికి గిన్నె దాటలేదు. ఇప్పటికీ దాటలేదు.

ఇప్పుడు ఒక ఆసుపత్రి ల్యాబులో నేను అదే పని మీద ఉన్నాను. మొన్న వరండాలో బెంచీ మీద కూర్చున్న ఒకామె నన్ను ఆపింది. నెత్తికి తువ్వాలు చుట్టుకుని ఉంది. "కొత్త మందేదో నువ్వు సేస్తన్నావట కదమ్మా. నాకేటైనా..." అని ఆగిపోయింది.

"ఇంకా మందు కాలేదమ్మా" అన్నాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోపల నాకు నిజంగానే పని ఉంది. అయినా బెంచీ మీద ఆమె పక్కన కూర్చున్నాను.