నడిమధ్య చిన్న ప్యానెల్

ఆ వేసవిలో మా మరిదికి నూరువరహాల పూలమొక్క కొమ్మల ముక్కలే దిక్కు. రొయ్యల చెరువు వరసగా దెబ్బతిని, ఉన్నదంతా ఊడ్చుకుపోయాక కడియంలో మా నర్సరీకి వచ్చాడు. ఊరికే కూర్చుని తినే రకం కాదు. షెడ్డులో ఒక మడి అడిగి తీసుకుని, దాని నిండా కొమ్మ ముక్కలు తనే గుచ్చుకున్నాడు. ఇవి వేళ్ళు పోసుకుంటే ఇక్కడే ఉంటాననీ, లేకపోతే ఎవరి చెరువు మీదో కాపలాకి పోతాననీ నాతో చెప్పాడు. సొంత చెరువు చేసినవాడు ఆ మాట అంటుంటే నేను వినలేకపోయాను.

వేరు లేని ముక్కకి ఆకు మీద తడే ప్రాణం. పైన నాజిళ్ళ నుంచి సన్నటి తుంపర పడుతూనే ఉండాలి. మధ్యాహ్నప్పూట అది కాసేపు ఆగిందా, ఇక అంతే సంగతులు. కరెంటుని నమ్ముకోలేక మోటారుకి సోలార్ పెట్టుకున్నాం. నాలుగు పెద్ద ప్యానెళ్ళలో ఒకదాని మీద గాలివానకి కొబ్బరి మట్ట పడి అద్దం బద్దలైంది. మరిది వెంటనే బండేసుకుని వెళ్ళి, చెరువు గట్టు మీద పాకలో లైటుకి పెట్టుకున్న ప్యానెల్ విప్పుకొచ్చాడు. మావి మూడువందల ముప్ఫై వాట్లవి, అతనిది నూరు. చెరువు నుంచి అతనికి మిగిలిందల్లా అదే.

దాన్ని అన్నదమ్ములిద్దరూ ఎక్కడ బిగించారనుకున్నారు? సరిగ్గా నడిమధ్యన! నీరసించిన మొక్కని మేం బలమైన మొక్కల మధ్య పెడతాం. ఎండా గాలీ నేరుగా తగలక కొన్నాళ్ళకి అదే తేరుకుంటుంది. మా మహానుభావులు ప్యానెల్‌కీ అదే వైద్యం చేశారు. పసుపూ కుంకుమా పెట్టి అగరొత్తి కూడా వెలిగించారు. చూసి నేనూ ముచ్చటపడ్డాను, అబద్ధమెందుకు.

మర్నాడు మధ్యాహ్నం షెడ్డులో అడుగుపెట్టాను. తుంపర లేదు. నాజిళ్ళు చుక్కలు కారుస్తున్నాయి. బయట ఎండ నిప్పులు చెరుగుతుంటే మోటారు మాత్రం జ్వరమొచ్చినట్టు మూలుగుతోంది. లేత ఆకులు అప్పుడే వేలాడిపోతున్నాయి. లైను కరెంటు మీద తిప్పుదామంటే అది పొద్దున్నించీ లేదు. మరిది బకెట్టు పట్టుకుని చేత్తో చిలకరిస్తున్నాడు. ఈ చివర తడిపేసరికి ఆ చివర ఆరిపోతోంది. మా ఆయన నాజిళ్ళు విప్పి ఊదుతూ కూర్చున్నారు.

నేను సోలార్ షాపాయనకి ఫోన్ చేశాను. ఒకదానికి ఒకటి తగిలించి వరసగా కలిపినప్పుడు, అన్నిట్లోకీ చిన్నది ఎంత కరెంటు పంపితే పెద్దవీ అంతే పంపుతాయట. ముందు మోటారు ఆపి దాన్ని తీసెయ్యమన్నాడు. ఆ మోటారుకి మూడు పెద్దవి చాలట.

ఆ మాటే చెబితే మరిది ఒప్పుకోలేదు. నాలుగుంటేనే ఇలా ఏడుస్తోంది, మూడైతే అసలు తిరగదని వాదన. మా ఆయనేమో తల గోక్కుంటూ, వాడు మనసుపడి తెచ్చాడే అని నసిగారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మనసుతో మోటారు తిరగదండీ అని, గబగబా వెళ్ళి స్విచ్చి కట్టేశాను.

ఉన్న చుక్కలూ ఆగిపోయాయి. మరిది బకెట్టు అక్కడే పారేసి పరుగున వచ్చి ప్యానెళ్ళకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆ ముక్కలు పోతే నాకింకేం లేదు వదినా."

"అందుకే జరగమంటున్నాను."

జరగలేదు. అన్నయ్య ముఖంలోకి చూశాడు. ఆయన తమ్ముడి భుజం మీద చెయ్యేసి నెమ్మదిగా పక్కకి జరిపి, వైర్ల మీద చెయ్యేశారు. ఆ క్లిప్పులేమో ఒక పట్టాన ఊడవు. చేతులకి చెమట, జారిపోతున్నాయి. నేను షెడ్డులోకి చూడలేక, అక్కణ్ణించి కదల్లేక నానా యాతన పడ్డాను. చిన్నదాన్ని తప్పించి, అటూ ఇటూ ఉన్న పెద్దవాటి వైర్లు కలిపాక స్విచ్చి వేశాను. ఏ చప్పుడూ లేదు. ఎంత పని చేశాను దేవుడా అనుకుంటుండగా పైపు ఒక్కసారి అదిరింది. షెడ్డంతా తెల్లటి తుంపర కమ్మేసింది. నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను.

వెనక్కి తిరిగి చూస్తే మరిది తన ప్యానెల్‌ని బండికి కడుతున్నాడు. ఎక్కడికని అడిగాను.

"చూశారుగా వదినా. ఇది తీశాకే బాగుంది. నేను పోతే ఇంకా బాగుంటుంది."

దుఃఖం, కోపం రెండూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. బండి తాళం లాగేసుకున్నాను.

"ముక్కలు గుచ్చింది నువ్వు. వేళ్ళొచ్చేదాకా గేటు దాటావో, ఊరుకోను."

"రాకపోతే?"

"రాకపోతే ముగ్గురం కూర్చుని ఏడుద్దాం. నువ్వొక్కడివీ వెళ్ళి ఎవరి గట్టు మీదో ఏడవక్కర్లేదు. ముందు స్టాండెయ్యి."

షెడ్డులో తుంపర వైపు ఒకసారి చూశాడు. తర్వాత స్టాండేశాడు.