మ్యాగజైన్ పోస్టు నుంచి పరీక్ష హాలుకు

తొంభైల మొదట్లో ఒక మే నెల. మధ్యాహ్నం రెండు గంటలు. గోదావరిఖని బస్టాండులో ట్రంకుపెట్టె దించుకుని, రిక్షా మీద వేయించుకుని, గని దాటి రెండు మైళ్లు లోపలికి వెళ్లాను. ఎర్ర మొరం నేల. తుమ్మ చెట్లు. దూరంగా, నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ గని మట్టి గుట్టలు. గాలి లేదు, వీచినప్పుడు బొగ్గు పొడితో కలిసి వీచేది. ముళ్లతీగ కంచె మధ్యలో ఒక కాంక్రీటు గది, చుట్టూ మట్టికట్ట, నెత్తిన పిడుగు కడ్డీ. గనిలో బొగ్గు పేల్చే మందుగుండును దాచేది అందులోనే. దాన్ని మ్యాగజైన్ అంటారు. నా పోస్టింగు అక్కడే.

నా సైన్యం సంగతి మా వాడకట్టు పిల్లలకు వేరేగా చెబుతాను. మంచు కొండ మీద శత్రువు కళ్లలోకి చూస్తూ పదిహేనేళ్లు నిలబడ్డానంటాను. మీరు పెద్దవాళ్లు, మీకు నిజం చెబుతాను. నిలబడ్డది కొండ కింద. సరఫరా దళంలో నాయక్‌ని. కాపలా కాసింది కందిపప్పు బస్తాలకు. శత్రువంటే పందికొక్కే.

పింఛను మీద వచ్చాక బొగ్గు కంపెనీలో గార్డు పని దొరికింది. తాత్కాలికం. ఏడాదికోసారి పొడిగించాలి, పొడిగించకపోతే మళ్లీ ట్రంకుపెట్టె నెత్తికెత్తుకోవాలి. స్టోర్‌కీపర్ పని మాత్రం పర్మనెంటు. క్వార్టరు కూడా ఇస్తారు. దానికి దూరవిద్యలో మెటీరియల్స్ మేనేజ్‌మెంట్ డిప్లొమా కావాలి. సరుకు ఎంత తెప్పించాలి, ఎప్పుడు తెప్పించాలి, ఎక్కడ దాచాలి, ఎలా చేరవేయాలి అన్నదే ఆ చదువు. ఇప్పటివాళ్లు దాన్నే లాజిస్టిక్స్ అంటున్నారు. వయోపరిమితి ప్రకారం నాకు ఒక్క పరీక్షకే వీలుంది. తప్పితే అంతే.

పోస్టులో నన్ను చేర్చుకున్నది హవల్దార్. ఆయనా మాజీ సైనికుడే. రామగుండం వాడు, ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. నాకంటే ఏడాదిన్నర చిన్న, ర్యాంకులో పెద్ద. చదువు వచ్చినవాడికి చొక్కా చేతి మీద ర్యాంకు గీతలు తొందరగా పడతాయి. మొదటి రోజే గేటు దగ్గర ఆపాడు.

"జేబులు ఖాళీ చెయ్యి నాయక్."

"నేను గార్డునే కద, సాబ్."

"గార్డువైతే నీ అగ్గిపెట్టె అంటుకోదా?"

బీడీలు, అగ్గిపెట్టె బల్ల మీద పెట్టాను. మేకులున్న బూట్లు విప్పించి రబ్బరు చెప్పులిచ్చాడు. తర్వాత ఆర్డర్లు చెప్పాడు. కంచె లోపల నిప్పు లేదు, దీపం లేదు. తర్వాతి షిఫ్టుకు మనల్ని దించే మనిషి వచ్చి రిజిస్టరులో సంతకం పెట్టేదాకా పోస్టు వదలరాదు. తల్లి చచ్చినా, తండ్రి చచ్చినా వదలరాదు.

ఆయనది రెండో షిఫ్టు, నాది రాత్రి షిఫ్టు. ఆ పరీక్షకు ఇద్దరం ఫీజు కట్టాం. రోజూ సాయంత్రం నాలుగింటికి లేచి ఆయన డ్యూటీ దగ్గరికి పోయేవాణ్ని. కంచె బయట గార్డు రూము, దానికి సున్నం కొట్టిన గోడ. ఆ గోడే మా బోర్డు, బొగ్గు ముక్కే సుద్ద. ఓపెన్‌కాస్ట్‌లో సైరన్ మోగి బ్లాస్టింగు జరిగితే గోడ అదిరి సున్నం పెచ్చులు పుస్తకం మీద రాలేవి. దులుపుకుని మళ్లీ చదివేవాళ్లం. పుస్తకాలు ఇంగ్లీషులో ఉండేవి. నాకు ఒక్క పేజీకే తల తిరిగేది.

"రీ-ఆర్డర్ లెవెల్ అంటే ఏంది సాబ్?"

"మీ ఇంట్ల చాయ్‌పత్త ఎప్పుడు తెప్పిస్తరు? డబ్బా అడుగు కనబడకముందా, కనబడ్డంకనా?"

"అడుగు గీకినంక."

"గందుకే నువ్వు నాయక్ దగ్గర్నే ఆగినవ్."

ఆ ఏడాదంతా ఒక్క రాత్రి కూడా కన్ను మూయలేదని మా ఇంట్లో ఇప్పటికీ చెబుతాను. కూర్చుని మూయలేదు, అది నిజం. నిలబడి మూశాను. సైన్యంలో నేర్చిన ఒకే ఒక్క గొప్ప విద్య అది. ఎండాకాలం పోయింది, వాన వచ్చింది, చలి వచ్చింది, మళ్లీ ఎండలు ముదిరాయి. నా కళ్ల కింద నలుపు బొగ్గుదో నిద్రదో అద్దంలో తెలిసేది కాదు. చదివింది పొద్దున్నకల్లా కారిపోయేది. ఆయన విసుక్కోకుండా మళ్లీ గోడ తుడిచేవాడు.

పరీక్ష కరీంనగర్‌లో, పదింటికి. ఏడున్నర బస్సు తప్పితే అందదు. ముందు రాత్రి నాకు సెలవు దొరకలేదు. ఏడింటికి దిగి, ఒంటి మీద బట్టలతోనే పోవాలనుకున్నాను. ఆయన ఆ రోజుకు సెలవు పెట్టుకున్నాడు. ఏడయింది. నన్ను దించే పొద్దటి షిఫ్టు గార్డు రాలేదు. షిఫ్టుల హాజరు చూసే టైం ఆఫీసుకు ఫోను హ్యాండిల్ తిప్పాను.

"టైం ఆఫీసా? మ్యాగజైన్ నుంచి నాయక్‌ని. పొద్దటి మనిషి రాలే."

"రాడు. పెండ్లానికి నొప్పులు మొదలైనయట, దవాఖానకు తీస్కపోయిండు."

"మరి నన్నెవరు దించుతరు?"

"చూస్తున్నం. ఆగు."

"ఇయ్యాల నాకు పరీక్ష ఉన్నది."

"మందుగుండుకు పరీక్షలు తెల్వయి కాకా. ఆగుమన్న కద."

ఫోను పెట్టేసరికి హవల్దార్ సైకిల్ మీద వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. నన్ను వెనక ఎక్కించుకుని బస్టాండుకు పోవాలని మా ఒప్పందం.

"ఇంకా దిగలే?"

"మనిషి రాలే సాబ్. నువ్వు పో. నీ బస్సు పోతది."

ఈ మాట మూడుసార్లు అన్నానని, ఆయన రెక్క పట్టుకుని సైకిలెక్కించబోయానని ఇన్నేళ్లుగా చెప్పుకుంటున్నాను. ఒక్కసారే అన్నాను. అంటున్నప్పుడు నా చూపు ఆయన సైకిల్ మీద ఉంది. ఆయన అది చూశాడు.

రూములోకి పోయి రిజిస్టరు తీసి సంతకం పెట్టాడు. బయటికి వచ్చి సైకిల్ హ్యాండిల్ నా చేతికిచ్చాడు.

"దిగినవ్. పో."

"మరి నీ పరీక్ష?"

"నీది ఆఖరి ఛాన్సు. నాకు ఇంకో ఏడాది ఉన్నది. జల్ది పో."

"గట్లెట్ల సాబ్..."

"నాయక్. ఆర్డర్."

ఏడాదిగా ర్యాంకు చూసే ఆయన నన్ను నాయక్ అని, నేను ఆయన్ని సాబ్ అని పిలుచుకున్నాం. ఆ ర్యాంకును ఆయన వాడింది మాత్రం ఆ ఒక్కసారే. సెల్యూట్ కొట్టి బయలుదేరానని చెబుతుంటాను. కొట్టలేదు. తొక్కాను. మలుపు దగ్గర తిరిగి చూస్తే, గేటు దగ్గర బల్ల మీద తన జేబులు తనే ఖాళీ చేస్తున్నాడు. పెన్నులు తీశాడు. హాల్ టికెట్ తీసి, గాలికి పోకుండా దాని మీద రాయి పెట్టాడు.

బస్సులో నిలబడే ప్రయాణం. హాల్లో నా పక్క వరసలో ఒక బల్ల ఖాళీ. భద్రతా నిల్వ ఎందుకు అని ఒక ప్రశ్న వచ్చింది. రావలసింది రానప్పుడు పని ఆగకుండా పక్కన ఉంచేదని రాశాను. రాసి, కాసేపు పైన తిరిగే ఫ్యాన్ చూస్తూ కూర్చున్నాను. ఐదో ప్రశ్న మూడు గోదాముల నుంచి నాలుగు గనులకు తక్కువ ఖర్చుతో సరుకు పంపే లెక్క. రాలేదు. వదిలేశాను.

ఫలితం ముందే చెప్పేస్తాను. అంచు మార్కులతో గట్టెక్కాను. స్టోర్‌కీపర్‌నయ్యాను. క్వార్టరు వచ్చింది, పిల్లలు దాంట్లోనే పెరిగారు. మరుసటి ఏడాది ఆ పోస్టులు తీయలేదు. ఆ తర్వాత ఆయనకు వయసు దాటింది. గార్డుగానే దిగిపోయాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

పరీక్ష రోజు సాయంత్రం బస్సు దిగి, సైకిల్ ఇవ్వడానికి ఆయన ఇంటికి పోయాను. మూడింటికి, రెండో షిఫ్టులో తన బదులు వచ్చిన మనిషి దించాడట. గడప మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా మార్చలేదు. తెల్ల కాలరు చుట్టూ బొగ్గు గీత. ఎట్ల రాసినవని అడగలేదు. చెయ్యి చాపాడు.

"పేపర్ ఇయ్యి."

మడత విప్పి మొదటి ప్రశ్న నుంచి చదవడం మొదలుపెట్టాడు. ఒక్కో ప్రశ్న దగ్గర ఆగి, పెదవులు కదుపుతూ జవాబు లోలోపల చెప్పుకున్నాడు. లెక్కలున్న చోట వేళ్ల కణుపులు పట్టుకున్నాడు. ఆయన భార్య చాయ్ తెచ్చి పక్కన పెట్టింది. చాయ్ మీగడ కట్టింది, ఆయన ముట్టలేదు. ఐదో ప్రశ్న దగ్గర తల ఎత్తాడు.

"ఇది రాసినవా?"

"రాలే సాబ్."

మళ్లీ తల దించి ఆ లెక్కను గడప పక్క మట్టిలో వేలితో చివరిదాకా చేశాడు. నేను సైకిల్ పట్టుకుని నిలబడే ఉన్నాను. ఆఖరి ప్రశ్న కూడా అయ్యాక, వెనక ఇంకేమైనా అడిగారేమోనని కాగితం తిప్పి చూశాడు. వెనక ఖాళీ.