వెనక వరుసలో మూలుగు

నాలా మరొకరు పొరబడకూడదని ఇది రాస్తున్నాను.

మొన్న స్నేహితుడు మునిరత్నంతో పుంగనూరులో కొత్త హారర్ కామెడీ మ్యాటినీకి వెళ్లాను. హాలు దాదాపు ఖాళీ. దయ్యాన్ని చూస్తే నవ్వొచ్చింది, జోకులకు ఏడుపొచ్చింది. కానీ వెనక నుంచి సన్నగా వచ్చే మూలుగుకు మాత్రం ఒళ్లు జలదరించింది. గ్రంథాలయంలో సినిమా పుస్తకాలన్నీ చదివినవాణ్ణి కదా, అది హాల్లో వెనక స్పీకర్ల మహిమేనని తేల్చేశాను!

"ఈ మధ్య సినిమాల్లో సౌండొకటే బాగుండాది, సూడప్పా" అన్నాను.

"నువ్వు పాఠం ఆపప్పా, నాకు ఈడ భయంగా ఉండాది" అన్నాడు మునిరత్నం.

ఇంటర్వెల్‌లో లైట్లు వెలిగాయి. బొమ్మ ఆగినా మూలుగు ఆగలేదు.

వెనక సీట్ల మధ్య ఒక పెద్దాయన చెమటతో తడిసి పడి ఉన్నాడు. ప్రేక్షకుల్లో ఉన్న నర్సు మేరీ సుగుణమ్మ, షుగర్ పడిపోయిందని గుర్తించి కూల్‌డ్రింక్ తాగించింది. కాస్త తేరుకుని ఆయన నా వైపే చూశాడు.

"మిమ్మల్నే పిలస్తా ఉండాను గదప్పా. ఒకరన్నా తిరగలా."

సుగుణమ్మకు, ఆస్పత్రికి చేర్చిన ఆటో రఫీకి, నన్ను అంతకు మించి ఒక్క మాట అనని ఆ పెద్దాయన నారాయణప్పకు కృతజ్ఞతలు.