బుచ్చమ్మ వేళ్ళకు కనబడిన ఊరు

సుమిత్రది రఘునాథపల్లి. జనగామ బడిలో తొమ్మిదో తరగతి చదువుతున్నప్పుడు కుట్టుపని టీచరమ్మ ఆమెకు కొంకి సూదితో చేసే క్రోషా అల్లిక మొదలుపెట్టించింది. టీచరమ్మది నరసాపురం దిక్కు. గొలుసు వేయడం, పొడుగు కుట్టు, గుండ్రంగా తిప్పడం, అంతవరకే సాగింది పాఠం. అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చి బళ్ళు మూతపడ్డాయి. బజార్లో రోజూ ఊరేగింపులే. ఒంటరిగా ఉన్న టీచరమ్మ భయపడి సొంతూరు పోవడానికి పెట్టె సర్దుకుంది. చూడబోయిన సుమిత్ర చేతిలో ఒక సూది పెట్టింది.

"నమూనాల పుస్తకం మా అక్కదమ్మాయ్, ఇవ్వలేను. సూది నువ్వుంచుకో."

"పుస్తకం లేకుంటే ఎట్ల అల్లాలె టీచరమ్మా?"

"ఏమోనే. నీకు తోచినట్టు అల్లుకో."

ఆమె మళ్ళీ రాలేదు. బడి లేని ఆ నెలల్లో సుమిత్ర గులాబీ అల్లాలని కూర్చుంది. ఎక్కడ పెంచాలో, ఎక్కడ తగ్గించాలో తెలియదు. అల్లింది విప్పడం, విప్పింది అల్లడం. దారం మట్టి రంగుకు తిరిగింది. ఒకనాడు విసుగొచ్చి దడి మీదికి చూసింది. సొరతీగ పాకి ఉంది. గులాబీని వదిలేసి ఆ ఆకునే చూస్తూ అల్లింది. ఈనెలు ఉబ్బుగా, అంచులు వంకరగా, అచ్చం ఆకే వచ్చింది. ఆ తర్వాత ఎవరైనా నమూనా తెచ్చిస్తే రెండు వరసలు దాటేసరికి ఆమె చెయ్యి దాని మాట వినేది కాదు.

డెబ్బై నాలుగులో పెళ్ళయి మహబూబాబాద్ వచ్చింది. అక్కడివాళ్ళకది మానుకోట. భర్త జగన్మోహన్ సహకార సంఘంలో గుమస్తా. ఇంట్లో ఉండేది అతనూ, అతని తల్లి బుచ్చమ్మా. బుచ్చమ్మ మాటల మనిషి. పొద్దంతా ఎవరో ఒకరు అరుగు మీద ఉండాల్సిందే. కొన్నేళ్ళకు ఆమె కండ్లకు మోతిబిందు పొర కమ్మింది. ముందు మనుషుల మొఖాలు మసకబారాయి, తర్వాత మనుషులే కనబడకుండా పోయారు. ఆపరేషన్ అంటే వణికేది. ఆమె అన్నకు ఎవరో నాటు వైద్యుడు పొర తీస్తానని ఉన్న చూపూ పోగొట్టాడు. చూపుతో పాటు బుచ్చమ్మ మాటా తగ్గింది. గోడకు ఆనుకొని ఊరికే కూర్చునేది.

ఒక మధ్యాహ్నం సుమిత్ర పక్కన పెట్టిన అల్లిక ఆమె చేతికి తగిలింది. వేళ్ళతో తడిమి తడిమి, "గిది సొరాకు కాదే?" అంది.

సుమిత్ర సూది ఆపింది. "అవు అత్తమ్మా. ఎట్ల తెలిసింది?"

"ఈనెలు లేస్తున్నయ్ గద. మా అవ్వగారింట్ల బావి మీద గీ తీగే ఉండేది."

ఆమె పుట్టింది చిట్యాల దగ్గరి చిన్న పల్లెలో. తల్లిదండ్రులు పోయాక ఆ ఊరికి పోవడం లేదు. ఆ రోజు చాలాసేపు ఆ బావి గురించే చెప్పింది. మర్నాడు సుమిత్ర బావి అల్లడం మొదలుపెట్టింది. వరస వరసకూ కుట్లు తగ్గించుకుంటూ పోతే అల్లిక మధ్యలో గిన్నెలా లోతయింది. తెచ్చి అత్త చేతికిచ్చింది.

బుచ్చమ్మ వేలు లోపలికి జారింది. "మెట్లేవి? కుడి దిక్కు మెట్లుంటయ్. కింది మెట్టు విరిగి ఉంటది."

బావిని విప్పి మెట్లతో మళ్ళీ అల్లారు. తర్వాత వాగు వచ్చింది, వదులు వదులు గొలుసులతో. వరిచేను వచ్చింది, చేతికి గరగరలాడే బుడిపెలతో. చింతచెట్టుకు కాయలు వేలాడాయి. ఒకరు చెప్పడం, ఇంకొకరు అల్లడం, చెప్పినామె తడిమి తప్పు పట్టడం. అల్లిక దుప్పటంత అయింది. దారం మాత్రం ఇంట్లో ఏది మిగిలితే అది.

"చింతచెట్టుకు ఏ రంగేసినవ్ బిడ్డా?"

"పచ్చదే అత్తమ్మా."

ఎనభై మూడులో ఊళ్ళో కండ్ల శిబిరం పెట్టారు. పక్కింటి సాలమ్మ ఆపరేషన్ చేయించుకొని వచ్చి, బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చుంది. బుచ్చమ్మ ఆమె చేతి చప్పుడు వింటూ ఉండిపోయింది. మర్నాడు పొద్దున్నే, "నన్నూ తోల్కపోండి. పోతే పోయింది, ఇప్పుడేమన్న కనబడుతున్నదా!" అంది.

ఒక కన్ను బాగయింది. కట్టు విప్పి ఇంటికొచ్చిన రోజు ముందు కొడుకు మొఖం చూసుకుంది, తర్వాత కోడలిని. "నా దుప్పటేది?" అంది.

సుమిత్ర మెల్లగా లోపలికి పోయింది. తెచ్చి పరిచింది. బుచ్చమ్మ వంగి చూసింది. వాగు నారింజ రంగులో పారుతోంది. వరిచేను నల్లగా ఉంది. చింతచెట్టు కుంకుమలా ఎర్రగా ఉంది.

"పచ్చదన్నవ్ గదనే!"

"ఉన్న దారం అదే అత్తమ్మా. నీకు బాధయితదని గట్ల చెప్పిన."

బుచ్చమ్మ ఆ ఎర్ర చెట్టును వేలితో తడిమింది. తర్వాత ఆమె భుజాలు కదలడం మొదలయింది. నవ్వుతోంది. కన్ను నీళ్ళు కారేదాకా నవ్వింది. జగన్మోహన్ పరేషాన్ అయి, "అవ్వా, నవ్వకు, కన్నుకు మంచిది గాదు" అంటూ పరుగెత్తుకొచ్చాడు.

రంగులు మార్చి కొత్తగా అల్లుతానంది సుమిత్ర. అత్త ఒప్పుకోలేదు. "ముట్టకు. కండ్లు లేనప్పుడు నన్ను మా ఊరికి తోల్కపోయింది గిదే."

చూపు వచ్చాక బుచ్చమ్మ మళ్ళీ అరుగెక్కింది. సుమిత్రను కూడా పక్కన కూర్చోబెట్టుకుంది. ఈసారి మానుకోట అల్లుదామంది. ముందు రిక్షా వెయ్యమనేది. సగమయ్యేలోపు మిర్చి బస్తాల బండి కనబడేది, దాన్ని వెయ్యమనేది. అంతలో మేకలమంద వచ్చేది.

"జర ఆగు అత్తమ్మా, నాకున్నయి రెండే చేతులు."

"నేనాగుత బిడ్డా, మేకలాగుతయా?"

దారం కొనడానికి ఇప్పుడు అత్తే ముందు నడిచేది, రంగు రంగునూ ఎండలో పట్టి చూసుకుంటూ.