దేవదానం గిటారులో సీటీ

అది 1981 వేసవి. హైదరాబాదు పాతబస్తీలోని ఛత్రినాకలో పెద్ద రోడ్డు మీంచి లోపలికి తిరిగే ఒక సందు మొదట్లో నాకు రిపేరు షాపు ఉండేది. రేడియోలు, టేప్‌రికార్డర్లు, పెళ్ళిపందిళ్ళలో వాడే ఆంప్లిఫయర్లు బాగుచేసేవాణ్ణి. బల్ల మీదికి వచ్చిన ప్రతి సెట్టుకూ డైరీలో మూడు గడులు గీసేవాణ్ణి: ఏం వచ్చింది, ఏమని చెప్పారు, ఏం చేశాను. ఆ ఏటి డైరీ ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను.

మధ్యాహ్నం రెండు దాటితే సందు మొత్తం కునికేది. సోల్డరింగ్ పొగ సన్నని దారంలా లేచి, తలుపు సందులోంచి పడే ఎండలో విడిపోయేది. రేడియో ట్యూన్ చేస్తుంటే ఎక్కడెక్కడి ఊళ్ళ మాటలో వినిపించి, హోరులో కలిసిపోయేవి. ఆ వేళలో నేను పని చేస్తున్నానో, పని చేస్తున్నట్టు కల కంటున్నానో నాకే తెలిసేది కాదు.

అలాంటి ఒక బుధవారం మధ్యాహ్నం సుగుణమ్మ ఆటో దిగింది. బహదూర్‌పురా నుంచి వచ్చింది. తెల్లవారుజామున మార్కెట్లో పూలు కొని, మాలలు కట్టి అమ్మే మనిషి. ఆమె భర్త దేవదానం బస్సుల డిపోలో ఎలక్ట్రీషియను. సెలవు రోజుల్లో ఒక ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాడు. అతని ఆంప్లిఫయర్ రెండేళ్ళ కింద నేను కట్టిచ్చిందే. దాన్నీ గిటారునీ బల్ల మీద పెట్టించి, చెంగుతో మొహం తుడుచుకుంది.

"అన్నా, ఈన డూటీల ఉన్నడు. సీటీ సంగతి జర సూడుమన్నడు. ఆదివారం ప్రోగ్రామున్నదట."

"సీటీయా? సరే, రేపు తీసుకెళ్ళండి."

సీటీ అంటే ఈల; మా పనిలో అది రోగం. స్పీకర్లోంచి వచ్చిన శబ్దం మళ్ళీ మైకులోకి పోయి, మళ్ళీ స్పీకర్లోంచి వచ్చి, అలా తిరుగుతూ తిరుగుతూ కీచుమంటుంది. దాన్ని ఫీడ్‌బ్యాక్ అంటాం. అప్పటికి పదమూడేళ్ళుగా సీటీ అన్నవాళ్ళందరూ దాన్ని తీసెయ్యమని వచ్చినవాళ్ళే. డైరీలో "సీటీ వస్తున్నది" అని రాసుకున్నాను. వాల్యూము పూర్తిగా పెంచితే గిటారు నిజంగానే సన్నగా కూసింది. ఆంప్లిఫయర్ లోపల ఒక కెపాసిటర్ వేశాను. సన్నటి శబ్దాలను దారి మళ్ళించి భూమిలోకి పంపేసే చిన్న బిళ్ళ అది. తర్వాత తీగ మీటితే మీగడలా మెత్తగా పలికింది. నన్ను నేనే మెచ్చుకున్నాను.

గురువారం సుగుణమ్మ వచ్చి సామాను తీసుకుపోయింది. శుక్రవారం దేవదానం డిపో ఖాకీ చొక్కాతోనే వచ్చి, ఆంప్లిఫయర్ దించి, గిటారును బల్ల మీద పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టాడు.

"అన్నా, నీకు దండం. సీటీ తియ్యమన్ననా, పెంచమన్ననా?"

నేను డైరీ తెరిచి చూపించాను. "ఇదిగో, సీటీ వస్తున్నదని…"

"వస్తలేదనే గదా నా లొల్లి! ఉన్నదే జరంత ఉండె. గది కూడ పాతరేసినవ్."

అప్పుడు చేసి చూపించాడు. దుబాయి నుంచి ఎవరో తెచ్చిన క్యాసెట్లో విన్నాడట. ప్లెక్ట్రమ్‌తో, అంటే వేళ్ళ మధ్య పట్టుకునే చిన్న ప్లాస్టిక్ బిళ్ళతో, తీగ మీటుతూనే బొటనవేలి అంచు దానికి తగిలించాలి. అప్పుడు అసలు స్వరం తప్పుకుంటుంది. దాని లోపల దాగి ఉన్న పై స్వరమొకటి ఎగిరి కూస్తుంది. దాన్ని పించ్ హార్మోనిక్ అంటారని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. దేవదానం మాత్రం సీటీ అనే అనేవాడు. నేను కెపాసిటర్ పీకేశాక మళ్ళీ మీటాడు. దూరంగా, గోడకు అవతల ఎవరో పిలిచినట్టు ఒక సన్నని కూత వచ్చి పోయింది.

"ఇంట్ల వింటే గింత. స్టేజి మీద డ్రమ్ముల నడుమ మొత్తం గాయబ్," అన్నాడు. తీగల మీద చెయ్యి ఆనించి, "మా ఆర్కెస్ట్రా మాస్టరు నా జాగల ఎలక్ట్రిక్ ఆర్గాన్ మనిషిని మాట్లాడిండన్నా. ఆదివారం షురూ పాటల గా ఒక్క సీటీ అందరికి ఇనబడితే నేనుంట. లేకుంటే గదే నా ఆఖరి ప్రోగ్రాం. తొమ్మిదేండ్లాయె ఆళ్ళతోటి," అన్నాడు.

తప్పు నాది కాబట్టి సరిదిద్దే బాధ్యతా నాదే. స్టేజి మీద ఉన్నంత గట్టిగా విని చూడాలంటే నా సందు చాలదు. శనివారం పొద్దున్నే పనిముట్ల సంచి తీసుకుని బహదూర్‌పురాలో వాళ్ళింటికి వెళ్ళాను. రెండు గదులు, వెనక చిన్న పెరడు. దానికి అటువైపు కొంత దూరంలో జూ చెట్లు. గాలి ఇటు తిరిగినప్పుడు పచ్చిగడ్డి వాసన, ఏవేవో జంతువుల వాసన కలిసి వచ్చేవి. సుగుణమ్మ మార్కెట్ నుంచి అప్పుడే వచ్చి, చాప మీద మల్లెలు పోసుకుని మాల కడుతోంది.

ఒక్కొక్కటే మార్చి, మార్చిందల్లా రాసుకున్నాను. గిటారుకు రెండు పికప్‌లు ఉంటాయి. తీగ కదలికను కరెంటుగా మార్చే అయస్కాంతపు చుట్టలవి. అతను మెడ వైపు ఉన్నది వాడుతున్నాడు, శబ్దం లావుగా వస్తుందని. సన్నటి కూత బ్రిడ్జి దగ్గర, అంటే తీగ చివర కట్టిన చోటు దగ్గర ఉన్న పికప్‌కే బాగా అందుతుంది. దానికి మార్చాను. దాని మరలు తిప్పి, తీగ కింద రూపాయి బిళ్ళ పట్టేంత సందు ఉంచాను. తుప్పు పట్టిన తీగ తీసి కొత్తది వేశాం. తర్వాత ఆంప్లిఫయర్ మొదటి అంచెలో గెయిన్, అంటే శబ్దాన్ని పెద్దచేసే పాలు, పెంచాను. శబ్దం కొంచెం బొంగురుపోయింది. ఆ బొంగురు రాకుండా చూడటమే అంతవరకు నా గొప్ప. ఆ బొంగురులోనే కూతకు బలం ఉందని ఆ పొద్దున విన్నాను.

ఎక్కడ మీటాలన్నది మరో చిక్కు. ఒకచోట కూస్తుంది, అర అంగుళం పక్కకు జరిగితే మూగబోతుంది. అతనికి కావలసిన స్వరం మూడో తీగ మీద, గిటారు మెడకు అడ్డంగా ఉండే మెట్లలో అయిదోదానిది. టేపు పెట్టి కొలిచాను. అక్కడ వేలు పెడితే పలికే తీగ పొడవు సుమారు పంతొమ్మిది అంగుళాలు. కూత అన్నిటికంటే నిండుగా వచ్చింది బ్రిడ్జి నుంచి నాలుగు ముప్పావు అంగుళాల దగ్గర, సరిగ్గా నాలుగో వంతులో. గిటారు ఒంటి మీద పెన్సిలుతో గీత పెట్టాను.

అయినా పదిసార్లలో మూడుసార్లే వచ్చేది. రాకపోయినకొద్దీ దేవదానం ఇంకా గట్టిగా కొట్టేవాడు, బొటనవేలు ఇంకా అదిమేవాడు. చెమటతో చొక్కా ఒంటికి అంటుకుపోయింది. నా కొలతలన్నీ అయిపోయాయి.

మాల కడుతున్న సుగుణమ్మ తల ఎత్తకుండానే అంది. "అది నీ బస్సు బోల్టు అనుకుంటున్నవా, గట్ల బిగిస్తున్నవ్?"

"నీకేమెరుక? పూలు కట్టుకో."

"పూలే గద చెప్తున్న. మొగ్గను పట్టుకున్నవని దానికి తెల్వొద్దు. ముడి పడంగనే ఏలు ఇడువాలె. పట్టుకోని కూసుంటే నలిగి సస్తది."

దేవదానం గిటారును ఒళ్ళోకి దించాడు. ఆమె వేళ్ళ వంక చాలాసేపు చూశాడు. నేనూ చూశాను. మొగ్గ, దారం, ముడి. వేలు అప్పటికే లేదు. అతను ప్లెక్ట్రమ్‌ను వెనక్కి లాగి, కొన మాత్రమే బయటికి కనబడేలా పట్టుకున్నాడు. మెల్లగా మీటాడు. బొటనవేలు అంటీ అంటనట్టు తాకి తప్పుకుంది.

ఆ శబ్దం ఎలా ఉందో చెప్పటం నాకు చేతకాదు. పెరడు దాటింది, పైకి పోయింది, అక్కడే ఎండలో కాసేపు నిలబడింది. అంతలో జూ చెట్లలోంచి ఒక నెమలి పెద్దగా అరిచింది, పిలిస్తే పలికినట్టు. దాని వెనక ఇంకొకటి. సుగుణమ్మ పకపకా నవ్వింది. "చూసినవా, నీకు సోపతి దొరికింది!" దేవదానం మళ్ళీ మీటాడు. మళ్ళీ నెమలి. టీ చల్లారిపోయేదాకా ముగ్గురం అలాగే కూర్చున్నాం.

ఆదివారం సాయంత్రం విందు జరిగే హాలుకు నన్నూ తీసుకుపోయారు. ముందు వరసలో షేర్వానీల్లో పెద్దలు కూర్చున్నారు. ఆర్గాన్ మనిషి కూడా వచ్చి, స్టేజి పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మొదటి పాట ఎత్తుకున్నారు. డ్రమ్ములు, బాంగోలు, ఒకటే హోరు. దేవదానం వంతు వచ్చింది. అతను బలం పెట్టలేదు. ప్లెక్ట్రమ్ కొన మాత్రమే బయటికి పెట్టి, మెల్లగా మీటాడు.

కూత హాలు మీద వెండితీగలా సాగింది. కబుర్లు ఆగిపోయాయి. ముందు వరసలో తెల్లగడ్డం పెద్దాయన ఒకరు చెయ్యెత్తి, "ముకర్రర్!" అన్నారు. ఆ బస్తీలలో ముషాయిరాల్లో, అంటే ఉర్దూ కవుల సభల్లో, కవి మంచి చరణం చదివితే, మళ్ళీ వినిపించమని కోరే మాట అది. గిటారుకు ఎవరైనా అలా అనగా నేను వినడం అదే మొదటిసారి. మాస్టరు వెనక్కి తిరక్కుండానే పాటను మొదటికి మళ్ళించాడు. దేవదానం మళ్ళీ పలికించాడు. రెండోసారి "ముకర్రర్" అన్నవాళ్ళు చాలామంది.

ఆర్గాన్ మనిషి కూడా ఆర్కెస్ట్రాలో చేరాడు. దేవదానమూ ఉన్నాడు. నేను షాపు మూసేదాకా అతని గిటారు నా దగ్గరికే వచ్చేది.

ఆ సోమవారం నుంచి నా పని పద్ధతి మారింది. ఎవరు ఏ సెట్టు తెచ్చినా, జబ్బు పేరు చెప్పనిచ్చేవాణ్ణి కాను. "అది ఎట్లా చేస్తుందో నోటితో చేసి చూపించండి, ఎట్లా ఉంటే మీకు ఇష్టమో అదీ చేసి చూపించండి," అనేవాణ్ణి. మొదట సిగ్గుపడేవారు. తర్వాత బల్లకు అవతల నిలబడి పెద్ద పెద్ద ఉద్యోగులు బుర్రుమనేవారు, బుర్ఖాలో ముసలమ్మలు ఈలవేసేవారు, ఒక లెక్కల మాస్టారు కళ్ళు మూసుకుని తన రేడియోలా గొణిగేవారు. వాళ్ళు చేసిందంతా డైరీలో తెలుగు అక్షరాల్లో రాసుకునేవాణ్ణి. బుర్‌ర్‌, కుయ్యి, ఠప్, స్‌స్‌స్‌. ఇప్పుడు ఏ పేజీ తీసినా ఎవరి సెట్టుకు ఏ కెపాసిటర్ వేశానో గుర్తు రాదు. ఆ అక్షరాలు మాత్రం పైకి చదివితే, ఆ మనిషి వచ్చి ఎదురుగా నిలబడతాడు.